కారని కప్పు కింద గిన్నెలు

ఆర్డిత్ ఆరో బంగాళాదుంప చెక్కు తీస్తోంది. బయట పొద్దుటినుంచీ వాన. మొగుడు డెల్మర్ ముంగిట్లో పాతిన ‘కొత్త పన్ను వద్దు’ అట్ట తడిసి నడుం వంచేసింది.

బాండ్లమ్మి అప్పు తెచ్చి బడికి కొత్త భవనం కట్టాలా వద్దా అని ఊరు ఇవాళ ఓటేస్తోంది. ఆ అప్పు ఇరవై ఏళ్లపాటు ఇళ్ల పన్నులోంచి తీరాలి. వద్దంటే బడి మూసేసి పిల్లల్ని హార్లో ఊరికి పంపుతారు. ఇరవై రెండేళ్లుగా ఈ బడిలో వంట చేస్తున్న ఆర్డిత్ పని పోతుంది. పైగా ఈ ఊరివాళ్లంతా బడిలో తిని పెరిగినట్టు, బీన్స్ కారప్పులుసుతో పాటు దాల్చినచెక్క రొట్టె హార్లో బడిలో పెట్టరట. ఆ మాట విన్నాక పిల్లల్లేని ముసలాళ్లు కూడా కొందరు బడి వైపు తిరిగారు. డెల్మర్ మాత్రం తిరగలేదు.

తనని ఓటుకు తీసుకెళ్దామని వచ్చిన పక్క పొలం ఓరిన్‌తో డెల్మర్ బల్ల దగ్గర లెక్కలు చెబుతున్నాడు.

"లక్ష డాలర్ల విలువకి ఏడాదికి నూట ఇరవై పెరుగుతుందట. నా ఇల్లు మూడు లక్షలు పలుకుతుంది. మూడొందల అరవై! నిలువు దోపిడీ కాదూ?"

"మూడు లక్షలా? ఈ వరండా చూసి ఎవడిస్తాడోయ్?"

"కప్పు చూసి ఇస్తాడు. ఇరవై ఏళ్లలో ఒక్క చుక్క కారలేదు."

ఆర్డిత్ కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించిన పన్ను కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఓరిన్ చదివాడు. "ఇంటి విలువ ఎనభై వేలు!"

"అది గవర్నమెంటు లెక్కలే" అన్నాడు డెల్మర్.

"నీ లెక్కే. తగ్గించమని పోయినేడు జూన్‌లో అర్జీ పెట్టావుగా? చూడ్డానికొచ్చినాయన్ని అటకెక్కించి, రెండు గిన్నెల్లో నువ్వు పోసిన నీళ్లే చూపించి, కప్పు కారుతోందని ఏడ్చావుగా?" అంది ఆర్డిత్. "ఎనభై వేలకి తొంభై ఆరు. నెలకి ఎనిమిది డాలర్లు."

ఓరిన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ ఏడుపు పాడుగాను!"

"ఆ గిన్నెలెక్కడివో కూడా అడుగు."

"ఎక్కడివీ?"

"బడివి. ఆటల హాల్లో నిజంగా కారేచోట పెట్టుకున్నవి, ఒక్కరోజుకని పట్టుకొచ్చాడు. ఆ వారం వానకి చెక్కనేల ఉబ్బిపోయింది. బంతి కొడితే ఎటు పోతుందో ఇప్పటికీ దేవుడికే తెలియాలి."

ఓరిన్ నవ్వు ఆగిపోయింది. అతని మనవరాలు బాస్కెట్‌బాల్ జట్టు నాయకురాలు.

"అంటే... పోయిన చలికాలం మన పిల్లలు హార్లో జట్టు చేతిలో, అదీ సొంత నేల మీద ఓడిపోయింది..."

"నేను తిరిగిచ్చేద్దామనే అనుకున్నాన్రా" అన్నాడు డెల్మర్ నెమ్మదిగా.

"అటక మీదే ఉన్నాయి" అంది ఆర్డిత్, ఏడో దుంప అందుకుంటూ. "ఓటు కూడా ఆ హాల్లోనే."

డెల్మర్ లేచి అటకెక్కాడు. రెండు గిన్నెలతో దిగి, ఒకదాంట్లోని సాలీడుని తలుపు బయట దులిపాడు. చొక్కాకున్న ‘వద్దు’ బిళ్ల ఊడదీసి, దుంప తొక్కల్లో పడేశాడు. టోపీ పెట్టుకున్నాడు. గిన్నెలు చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వానలోకి వెళ్లిపోయాడు.