రెండు వీశెలు తగ్గిన పాలమ్మ

నా రొమ్ముల మీద మా వీధి మొత్తానికీ హక్కుందన్న సంగతి నాకు నలభై రెండో ఏట తెలిసింది. అంతవరకూ అవి నావే అనుకున్నాను. మోసేదాన్ని నేనే కదా మరి.

మాది తడకు దగ్గర్లో సాయిబుల వీధి, ముప్పై ఇళ్ళు. ఆడవాళ్ళం తుంగచాపలు నేస్తాం. మగవాళ్ళు వాటిని కట్టలు కట్టి మద్రాసుకో నెల్లూరుకో తీసుకుపోయి అమ్ముకొస్తారు. నా భర్త ఖాదర్ బాషా చేసేదీ ఆ పనే. నాకు కడుపున పుట్టినవాళ్ళు ముగ్గురు. వాళ్ళు కాక, తల్లికి పాలు పడకో, తల్లి జబ్బు పడో, అసలు తల్లే లేకనో నా ఒళ్ళోకి తెచ్చిన పసివాళ్ళు పదహారు మంది. ఒక్కరినీ కాదనలేదు. మాలో ఒక తల్లి దగ్గర పాలు తాగినవాళ్ళంతా తోబుట్టువుల కింద లెక్క, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. అందుకని వీధిలో ఏ సంబంధం అనుకున్నా పెద్దవాళ్ళు ముందు నా దగ్గరికి వచ్చి, ఎవరు తాగారు, ఎవరు తాగలేదు అని అడిగి పోయేవాళ్ళు. పదహారు పేర్లూ వేళ్ళ మీద చెప్పేదాన్ని. జమాల్‌బీ అన్న నా పేరు మరిచిపోయి అందరూ పాలమ్మ అనేవాళ్ళు. అలా పిలిపించుకోవడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బోలెడు.

పిల్లలు పెద్దయ్యారు, పాలు ఎండిపోయాయి. బరువు మాత్రం తగ్గలేదు సరికదా ఏటేటా పెరిగింది. చాప నేయాలంటే ముందుకు వంగి కూర్చోవాలి. అరగంట వంగితే మెడ నుంచి నడుము దాకా సలుపు. భుజాల మీద రవిక కోసుకుపోయి గుంటలు పడ్డాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, బోర్లా పడుకునే మాటే లేదు. ఎండాకాలం వస్తే కింది మడతల్లో చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. పాతగుడ్డ మడిచి పెట్టుకుని తిరిగేదాన్ని. రైలెక్కితే చాలు, పెట్టెలో ప్రతి వెధవ కళ్ళూ నా పైట మీదే. నా మగడితో చెబితే వయసు మీద పడుతోంది అన్నాడు. వయసు నా ఒంట్లో ఆ ఒక్కచోటే ఎందుకు పడుతుందో ఆయన చెప్పలేదు.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం ఎండాకాలంలో పుండ్లు మరీ ముదిరి సర్కారు ఆసుపత్రికి పోయాను. అక్కడి కాంపౌండరు హెబ్రోను మంచివాడు, సిగ్గరి. పూతమందు కలుపుతూ, నా వైపు చూడకుండా ఆ మందుసీసాతో మాట్లాడుతున్నట్టు ఒక మాట చెప్పాడు. మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి, ఎక్కువున్న కండ తీసేసి, మిగిలినదాన్ని కుదురుగా కుడతారట. ఆయనకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళు చేయించుకుని హాయిగా ఉన్నారట. వేళాకోళం అనుకున్నాను. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఆ మాటే చెప్పాడు. ఇంటికి వచ్చేదారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఆ సంగతి సాయంత్రానికల్లా వీధికి పాకింది, పంచాయితీ మొదలైంది. పక్కింటి జైతూన్‌బీ అందరికంటే ముందు వచ్చింది. ఆమె కూతురు మస్తాన్‌బీ నా పదహారు మందిలో ఒకతి. పాలిచ్చిన రొమ్ము కోయించుకుంటే పాలవరస కూడా తెగిపోతుందని, తన బిడ్డకు తల్లిలాంటి మనిషి లేకుండా పోతుందని ముక్కు చీదుకుంటూ కూర్చుంది. ముసలమ్మలు ఆ మాట పట్టుకున్నారు. దొరవారిసత్రం నుంచి జయరామయ్య సైకిలేసుకుని వచ్చాడు. రైతుల బిడ్డ. వాళ్ళమ్మ టైఫాయిడ్‌తో పడి ఉన్నప్పుడు నా దగ్గర తాగినవాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. తాను తాగిన చోట కత్తి పెట్టనివ్వనని భీష్మించుకున్నాడు. పోనీ నాలుగు రోజులు నువ్వు మొయ్యరా అన్నాను. మొహం కందిపోయి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నోటితో ఎదిరించాను కానీ లోపల నాకూ గుబులే. కత్తికి నేను భయపడలేదు. వాళ్ళందరికీ అమ్మను కాకుండా పోతానేమో, ఆ వరస నిజంగానే పోతుందేమో అన్నదే నా భయం. నేను అన్నం మానేసి కూర్చుంటే చూడలేక ఖాదర్ బాషా మసీదు హజరత్ గారి దగ్గరికి పోయి అడిగి వచ్చాడు. తాగిన పాలు ఆ బిడ్డల ఎముకల్లో ఎప్పుడో కలిసిపోయాయని, ఏ డాక్టరూ వాటిని వెనక్కి తియ్యలేడని ఆయన అన్నారట. ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది.

బిడ్డలందరిలో నా పక్షాన నిలబడింది దరియావలి ఒక్కడే. వాణ్ని కన్న మూడోరోజే తల్లి పోయింది. రెండేళ్ళు నా పాలతోనే పెరిగాడు. నన్ను తప్ప ఎవరినీ అమ్మా అని పిలవలేదు. చాపల కట్టలతో మద్రాసులోనే ఎక్కువగా ఉంటాడు, అరవం బాగా వచ్చు. కబురు తెలియగానే రైలెక్కి వచ్చి, ఎవరేమన్నా వినొద్దు, నేను తీసుకుపోతానన్నాడు. వాడి తొందర చూసి నా కళ్ళు చెమర్చాయి.

మద్రాసులో డాక్టరు అడిగేవాటిని వాడు గోడ వైపు తిరిగి తెలుగులో చెప్పేవాడు. ఇక పిల్లలకు పాలిచ్చే పని లేదు కదా అని అడిగారు. లేదన్నాను. మచ్చలు ఉండిపోతాయి, మొనల దగ్గర స్పర్శ తగ్గవచ్చు అన్నారు. మెడ నొప్పి ఉండిపోతుందా అని నేను అడిగాను. చాలావరకు పోతుందన్నారు. అయితే కానివ్వండి అన్నాను. రక్తం కావాలంటే నా మగడు సూది చూసి బెంచీ మీద కూలబడ్డాడు. దరియావలి చొక్కా చెయ్యి పైకి మడిచి సీసాడు ఇచ్చాడు. నర్సు నా ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీస్తుంటే, గుడ్డ కత్తిరించే ముందు దర్జీ చేసే పని గుర్తొచ్చి నవ్వొచ్చింది. నర్సు నన్ను అదోలా చూసింది.

మెలకువ వచ్చేసరికి గుండె చుట్టూ బిగించి కట్టు, పక్కల నుంచి రబ్బరు గొట్టాలు. దగ్గితే మంట, తుమ్మితే నరకం. చేతులు పైకెత్తకూడదన్నారు. నాలుగో రోజు జ్వరం కూడా వచ్చి తగ్గింది. రెండు కిలోల ఎనిమిదొందల గ్రాములు తీశారని నర్సు చెప్పింది. ఈ కొత్త కిలోలు నాకేం తెలుసు. ఖాదర్ బాషా వేళ్ళు మడిచి లెక్క కట్టి, రెండు వీశెలని తేల్చాడు. ఇన్నేళ్ళూ రెండు వీశెలు మెడకు కట్టుకుని చాపలు నేశానా అని నా మీద నాకే జాలేసింది.

పన్నెండో రోజు కుట్లు తీశాక మొదటిసారి చూసుకున్నాను. ఎర్రటి గీతలు, వాచిన చర్మం, ఎవరివో అన్నట్టు రెండు చిన్న రొమ్ములు. ఏడ్చాను, దాచడం ఎందుకు. అంతమంది బిడ్డలు తలపెట్టి నిద్రపోయిన చోటు కదా. ఆ మధ్యాహ్నం అన్నం తింటుంటే చేతిలోంచి మెతుకు జారి తిన్నగా ఒళ్ళో పడింది. ఎన్నో ఏళ్ళుగా జారిన ప్రతి మెతుకూ పైట మీదే ఆగేది. ఆ ఒక్క మెతుకును చూసి ఎంత నవ్వానంటే పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

ఇల్లు చేరాక రెండు నెలలు బిందె ఎత్తవద్దు, మగ్గం మీద కూర్చోవద్దు అన్నారు. వద్దన్న వీధే వచ్చి పని అందుకుంది. జయరామయ్య బస్తా బియ్యం సైకిలు మీద వేసుకుని వచ్చాడు. జైతూన్‌బీ తలుపు మూసి చూపించమంది. చూసి, నా పైట తనే సర్దింది. తర్వాత, తడలో ఉన్న తన అక్కకు కూడా చేస్తారా అని మెల్లగా అడిగింది. మచ్చలు దురద పెట్టేవి, కొబ్బరినూనె రాసుకునేదాన్ని. చెయ్యి ఎత్తలేను కాబట్టి మస్తాన్‌బీ రోజూ వచ్చి నాకు తల దువ్వేది. ఆ వేళకే దరియావలి నీళ్ళు తెచ్చేవాడు. నా మీద ప్రేమతో పోటీ పడుతున్నారని పొంగిపోయాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

ఆరోవారం ఒక ఉదయం వాడు బిందె దించి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇప్పుడు నేనూ మస్తాన్‌బీ వరసకేమవతాం?"

"అన్నా చెల్లెళ్ళవతారు. ఎప్పుడూ అయ్యేదే గదరా."

"అవి తీసేసినారు గదమ్మా. కోయించుకుంటే పాలవరస పోద్దని వీధంతా అనింది గదా."

అప్పుడు అర్థమైంది వాడు నా పక్షాన ఎందుకు నిలబడ్డాడో. హజరత్ గారి మాట వచ్చిన రోజు వాడు మద్రాసులో ఉన్నాడు, వినలేదు. నన్ను అమ్మా అని పిలిచేవాళ్ళలో వాడే ముందు, వరస తెగాలని కోరుకున్నదీ వాడే. గుండెలో కలుక్కుమంది. అది కుట్టు నొప్పి కాదు.

"నేను నీకు అమ్మను కాకుండా పోతే బాగుండని రక్తం ఇచ్చినావా?" అన్నాను.

వాడి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "నీతో వరస పోకూడదమ్మా. నువ్వు తప్ప నాకెవరుండారు? దానితో ఉండేది పోతే చాలనుకున్నా."

ఒకే కత్తితో ఒకపక్క తెంచి ఇంకోపక్క అట్టిపెట్టమనే మనిషిని ఏం చేస్తాం. కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. హజరత్ గారు చెప్పింది చెప్పాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు నీళ్ళు తెచ్చి, బిందె గుమ్మంలోనే దించి వెళ్ళిపోయాడు. మస్తాన్‌బీ తల దువ్వుతుంటే నా మెడ మీద వెచ్చగా రెండు చుక్కలు పడ్డాయి.

ఇక్కడ నా నేరం ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కింద జైతూన్‌బీ బాలింత జ్వరంతో పదిరోజులు తెలివి లేకుండా పడి ఉంది. పసిగుడ్డు మస్తాన్‌బీని నాకు తెచ్చి ఇచ్చారు. ఆ పదిరోజులూ ఆ పిల్ల నా రొమ్ము ముట్టలేదు. మొహం తిప్పుకుని, నోరు బిగించి, గుక్కపెట్టి ఏడ్చేది. ఒక్క చుక్క గొంతు దిగలేదు. దూదివత్తితో మేకపాలు పట్టి బతికించాను. అంతకుముందు ఏ బిడ్డా నన్ను వద్దనలేదు, నాకు తల కొట్టేసినట్టయింది. జైతూన్‌బీ లేచి, అక్కా నీ పాలతో బతికింది అని నా చేతులు కళ్ళకద్దుకుంటే నోరు మూసుకున్నాను. పదహారులో ఒకటి అలా వచ్చి చేరింది.

ఇప్పుడు చెబితే పాలమ్మ అబద్ధాలకోరు అంటారు. మిగతా పదిహేను మందినీ అనుమానిస్తారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండు రోజులు గింజుకున్నాను. మొదట నా మగడితో చెప్పాను.

"నాకు తెలుసు గదమే," అన్నాడు ఖాదర్ బాషా. "మేకపాలు పిండి తెచ్చింది నేనే గదా. నువ్వు చెప్పేదాకా నాకెందుకని ఊరకున్నా."

మరి సంకోచం ఎందుకు. హజరత్ గారి ముందు, పెద్దల ముందు, మస్తాన్‌బీ తాగలేదని, మిగతా పదిహేను మందీ తాగారని ప్రమాణం చేసి చెప్పాను. మేక సంగతికి నా మగడు సాక్ష్యం పలికాడు. పెద్దలు నాకు చీవాట్లు పెట్టారు. పడ్డాను, పడవలసిందే. పాలు తాగనప్పుడు వరసే లేదు, పెళ్ళికి అడ్డం లేదన్నారు హజరత్ గారు.

అక్కడి నుంచి తిన్నగా జైతూన్‌బీ గడపలోకి పోయాను. కబురు నాకంటే ముందే వచ్చింది. ఆమె మొహం గంటు పెట్టుకుని తుంగ చీలుస్తోంది, తలెత్తలేదు.

"పద్దెనిమిదేళ్ళు నమ్మించినావు. ఇప్పుడు నా బిడ్డకి అమ్మవి కాదని నువ్వే చెప్పొచ్చినావు. మరింక మా ఇంటికి ఏమని వచ్చినట్టు?"

"దరియావలికి అమ్మనని వచ్చినా," అన్నాను. "నీ బిడ్డని మావాడికి ఇస్తావా?"

ఆమె చేతిలో తుంగ ఆగింది. లోపలి గదిలో గాజుల చప్పుడు ఆగింది. నిలబడే ఉన్నాను. జైతూన్‌బీ లేచి, దండెం మీది కొత్తచాప తీసి నా కాళ్ళ ముందు పరిచింది. పెళ్ళయి వీధికి వచ్చినప్పటి నుంచీ నన్ను అక్కా అని తప్ప పిలవని మనిషి ఆమె.

"నిలబడతావేంది," అంది. "కూర్చో వదినా."