బఠాణీగాడి చిగుళ్లు

కుక్కకి పళ్లు తోమడం అత్తగారు తన అరవై మూడో ఏట మొదటిసారి చూసింది. చూసి ఊరుకోలేదు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి ఇన్ని సేవలా" అని కోడలికి వినపడేలాగే అంది. కోడలు తలెత్తలేదు. వేలికి తొడుక్కున్న మెత్తటి బ్రష్షుతో ఆ చిన్ని నోట్లో కుడివైపు పూర్తిచేసి, ఎడమవైపుకి వెళ్లింది.

అది జరిగి రెండేళ్లు. ఇప్పుడు పొద్దున్న ఏడింటికి కోడలు వంటింటి స్టూలు మీద తువ్వాలు పరిచి కుక్కని ఎక్కించేసరికి, అత్తగారు టీ కప్పుతో ఎదురుగా హాజరు. ఎందుకొచ్చారని కోడలు అడిగితే చల్లగా ఉందనో, గిన్నె కోసం వచ్చాననో ఏదో ఒక సాకు చెబుతుంది. నిజానికి ఆ పని చూడ్డం ఆవిడకి ఇష్టం. కోడలి చెయ్యి ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా వెళ్తుంది. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో కళ్లు తుడుస్తుంది. చెవులు మడిచి వాసన చూస్తుంది. కాలివేళ్ల సందుల్లో ముల్లో పురుగో ఉందేమోనని వెతుకుతుంది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి ఓ క్షణం ఆగుతుంది. ఆఖర్న పై పెదవి ఎత్తి, చిగురు మీద బొటనవేలితో నొక్కి వదులుతుంది. నొక్కినచోట తెల్లబడి, చిటికెలో మళ్లీ గులాబీ రంగు రావాలిట. వస్తే "శభాష్ రా బఠాణీ" అంటుంది. అన్నీ ఓ చిన్న నోటుబుక్కులో రాసి, చేతులు కడుక్కుని, తను పనిచేసే కళ్లద్దాల షాపుకి బస్సెక్కుతుంది. ఆ వరసలో ఒక్కటి కూడా మర్చిపోగా అత్తగారు ఇంతవరకూ చూడలేదు.

బఠాణీ నాలుగున్నర కిలోల కుక్క. ముచ్చటపడి తెచ్చింది కొడుకు. మూడు వారాలు ఎత్తుకుని తిరిగాడు, ఫోటోలు తీశాడు, నాలుగో వారం నుంచి ఆఫీసు మీటింగులన్నాడు. అప్పట్నుంచి ముద్దు అతనిది, చాకిరీ కోడలిది. బాల్కనీ ఊచల మధ్య నుంచి దూరిపోతాడని జాలీ కట్టించింది ఆమే. మెడకి పట్టా కడితే గొంతు నలుగుతుందని ఛాతీకి తొడిగే పట్టీ తెచ్చింది ఆమే. సోఫా మీంచి దూకితే ఆ పుల్లల్లాంటి కాళ్లు విరుగుతాయని చెక్కమెట్టు వేయించింది. ఎవరి చేతిలోంచైనా మాత్ర జారితే అది దొరికేదాకా ఇల్లు కదలకూడదని రూలు పెట్టింది. వాడికి పెట్టకూడనివన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది: ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి. పెద్దాయన, అంటే అత్తగారి భర్త, ఆ కాగితాన్ని గట్టిగా చదివి నవ్వాడు. "నాకింత శ్రద్ధగా ఎవరూ రాసిపెట్టలేదు" అన్నాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆయనకి పడేవీ పడనివీ కాగితం లేకుండానే గుర్తుపెట్టుకున్న మనిషి పక్కనే నిలబడి గిన్నె తుడుస్తోంది.

ఆ పడనివాటిలో మొదటిది ఉల్లిపాయ. కూరలో ముక్క పంటికింద పడిందా, మొహం మాడిపోతుంది. పోనీ వెయ్యకుండా వండితే రుచి లేదంటాడు. అందుకని ఆవిడ వేస్తుంది, ఆయన ఒక్కో ముక్కా ఏరి కంచం అంచున బారుగా పేరుస్తాడు. రోజూ కంచం కడిగేటప్పుడు ఆ బారు చూసి ఆవిడ ఏదో తప్పు చేసినట్టే కుంచించుకుపోయేది. అలాంటిది ఓ పదిరోజులుగా కంచం అంచు ఖాళీగా వస్తోంది. ఒక్క ముక్క లేదు. అత్తగారు ఎవరికీ చెప్పుకోలేదు గానీ లోలోపల మురిసిపోయింది. ఇన్నేళ్లకి ఆయన నోటికి తన వంట నచ్చిందనుకుంది. ఆ ఉత్సాహంలో ఓ ఉల్లిపాయ ఎక్కువే తరిగింది.

ఆ బుధవారం పొద్దున్న కోడలు చిగురు నొక్కి వదిలింది. మళ్లీ నొక్కింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మూడోసారి నొక్కింది. నొక్కినచోటా తెలుపే, చుట్టూ తెలుపే. బఠాణీ తల ఎత్తకుండా ఆమె మణికట్టు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. పొద్దున్న వాడు పోసిన ఉచ్చ కాఫీ రంగులో ఉందని ఆమె నోటుబుక్కులో అప్పటికే రాసింది. కొడుకు ఫోనులోంచి చూపు తిప్పకుండా, ఎండకి నీరసపడి ఉంటాడు, రెండ్రోజులు చూద్దాం అన్నాడు. షాపు యజమాని, కుక్కకి బాగోలేదని సెలవడిగిన మొదటి మనిషివి నువ్వేనని ఫోనులో నవ్వాడుట. కోడలు ఎవరితోనూ వాదనకి దిగలేదు. కుక్కని పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెకి సీటుబెల్టు బిగించి, కారు తియ్యమని మావగారిని అడిగింది. "అత్తయ్యా, మీరూ రండి. మీ గొంతు వింటే వాడు బెదరడు" అంది. తన గొంతుకి అలాంటి ఉపయోగం ఉందని అత్తగారికి ఎవరూ చెప్పి ఉండలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందుగా నిలబడ్డ పెద్దాయన్ని అడిగింది. వాడికేం, బాగానే ఉంటాడు, బాగానే తింటాడు అన్నాడాయన. బరువెంతంటే గోడకేసి చూశాడు. కోడలు నోటుబుక్కు తీసింది. పోయినవారం బరువు, ఈ వారం బరువు, టీకాలు ఏ తేదీల్లో వేయించింది, తిండి ఎప్పట్నుంచి తగ్గింది, రంగు ఎప్పుడు మారింది. డాక్టరమ్మ ఆ పేజీలు తిప్పి, ఇంత వివరంగా రాసుకొచ్చేవాళ్లు ఏడాదికి ఒక్కరు కూడా రారంది. అత్తగారికి తన సొంత కూతురు క్లాసులో ఫస్టొచ్చినంత గర్వంగా అనిపించింది.

"ఉల్లిపాయ గానీ వెల్లుల్లి గానీ తిన్నాడా?" అని అడిగింది డాక్టరమ్మ. వండినవైనా సరే, రోజూ కాస్త కాస్త పెట్టినా సరే, చిన్న కుక్కలకి రక్తం విరిగిపోతుందిట. అదే అయితే వైద్యం వెంటనే మొదలెట్టొచ్చు. కాకపోతే పురుగు కాటు జ్వరమేమోనని వెతుక్కుంటూ వెళ్లాలి, అందాకా వీడు తట్టుకోవాలి. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పెట్టరంది కోడలు. "ఎవరు పెడతారు, నాన్సెన్స్" అన్నాడు పెద్దాయన.

అత్తగారి కళ్లముందు కంచం కనిపించింది. శుభ్రమైన అంచు. బల్లకింద ఆయన కాళ్ల దగ్గర ఆశగా కూచునే బఠాణీ. పది రోజులుగా తను మురిసిపోయింది ఇందుకా అనుకుంది. నలుగురిలో ఆయన మాటకి ఎదురు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. చుట్టాల్లో ఆయన తప్పుగా చెప్పిన ఊళ్లనీ తేదీలనీ కూడా సరిదిద్దకుండా ఊకొట్టిన మనిషి. ఇప్పుడు నోరు మెదపకపోతే ఈ నాలుగున్నర కిలోల ప్రాణం ఆయన పరువు కింద నలిగిపోతుంది.

"తిన్నాడమ్మా" అంది. "ఈయన కంచంలోంచి. పదిరోజుల నుంచి, రెండుపూటలా. నేనే వండాను, నేనే కంచం కడిగాను. నాకు తెలుసు."

పెద్దాయన మొహం ఎర్రబడింది. నోరు లేని జీవి ఆశగా చూస్తుంటే రెండు ముక్కలు వేశాను, అంత మాత్రానికే, అని గొణిగాడు. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ అప్పటికే సూది సిద్ధం చేస్తోంది.

వాణ్ణి మూడురోజులు అక్కడే ఉంచారు. వేరే కుక్క రక్తం ఎక్కించారు. ఆ మూడురోజులూ పెద్దాయన అందరి ముందూ తలదించుకునేలా చేశావని భార్యతో మాట్లాడలేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని ఆవిడకి ఇన్నాళ్లూ తెలియనే తెలియదు. నాలుగోరోజు బఠాణీ ఇంటికొచ్చి, మెట్టు మీదుగా సోఫా ఎక్కి, ఏమీ జరగనట్టు ఆయన చెప్పు కొరికాడు.

ఆ మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, అత్తగారు బాత్రూము అద్దం ముందు నిలబడి తన పై పెదవి ఎత్తింది. చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలింది. తన మొహం చూసి తనకే నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నొక్కకముందు కూడా అది తెల్లగానే ఉంది. మూడో అంతస్తుకి కూరల సంచితో ఎక్కేటప్పుడు రెండు చోట్ల ఆగుతోంది. ఆగినప్పుడు ఎవరైనా ఎదురైతే తాళాలు వెతుక్కుంటున్నట్టు నటిస్తోంది. ఒకసారి చెబితే ఆయన వయసన్నాక ఆయాసం రాదా అన్నాడు. కొడుకు కాస్త రెస్టు తీసుకో అమ్మా అని, చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు. వాళ్ల సంగతి సరే. కోడలికి జ్వరమొచ్చిన రోజున పనిలో పడితే అదే పోతుందని అన్నది ఎవరు? తనే. అత్తగారికి అద్దంలో తనవైపు చూడాలంటే సిగ్గేసింది.

మర్నాడు ఏడింటికి కోడలు బఠాణీని చూడటం ముగించి, గులాబీ రంగు రాగానే శభాష్ అని, దించింది. తువ్వాలు తియ్యబోతుంటే అత్తగారు వచ్చి ఆ స్టూలు మీద కూచుంది.

"నన్ను కూడా ఒకసారి చూడమ్మా" అంది.

కోడలు నవ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి, కిటికీ వైపు తిప్పి, బొటనవేలితో ఆవిడ కింది కనురెప్పని మెల్లిగా లాగి చూసింది. చాలాసేపు చూసింది. రోజూ ఎంతమంది కళ్లలోకి చూస్తుందో, ఈ కళ్లని ఇంత దగ్గరగా చూడలేదు. "ఈరోజు షాపుకి వెళ్లను. డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది. తర్వాత అడిగింది: "ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

హాల్లోంచి, పేపరు వెనకనుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "మీ అత్తయ్యకేం, బాగానే ఉంటుంది."

అత్తగారు అటు తిరగలేదు. చెయ్యి చాపి గట్టు మీది నోటుబుక్కు తీసి, బఠాణీ పేజీలు దాటించి, తెల్ల కాగితం దగ్గర తెరిచి కోడలి చేతికిచ్చింది.

"రాసుకో" అంది. "మెట్లెక్కితే ఆయాసం, రెండేళ్ల నుంచి. ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే చెబుతాను."