పావురం రంగు టోపీ వయసు

ఆవిరి తగిలితే టోపీ వాన వాసన వేస్తుంది.

ఉత్త వాన కాదు. వానలో తడిసిన కుందేలు. తడిసి, ఏ చూరు కిందో ముడుచుకుని, ఒళ్ళు దులుపుకుంటున్న కుందేలు.

కెటిల్ మూతి దగ్గర టోపీని పట్టుకుని తిప్పుతున్నాను. నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా. ముడతలు ఒక్కొక్కటే ఊపిరి పీల్చుకుని లేస్తున్నాయి. తడిసిన పావురం మెడ రంగు అది. కాస్త వెలుతురు పడితే నీలం. పక్కకి తిప్పితే బూడిద.

బయట మే నెల. ఢిల్లీ పక్కన మా ఇందిరాపురం మీద గాలి కదలడం లేదు. పడమటి ఆకాశం పసుపు పూసుకుని ఏం చేయాలో తోచనట్టు నిలబడి ఉంది.

నాకూ ఏం తోచడం లేదు. సంతోషం ఎక్కువైనా కాళ్ళు నిలవవని పెళ్ళయ్యాకే తెలిసింది.

రేపు పొద్దున, పాత టోపీల గురించి బాగా తెలిసిన రామమూర్తిగారు వస్తున్నారు. ఈ టోపీని చూడ్డానికే వస్తున్నారు.

మా ఆయన సాయిప్రకాష్ ఉన్నీ, బొచ్చూ ఒత్తి చేసిన పాత ఫెల్ట్ టోపీలు పోగేస్తాడు. ‘మా ఆయన’ అనడం నాకింకా కొత్త. అందుకే అవసరం లేకపోయినా అంటుంటాను. కూరగాయల భయ్యాతో అంటాను. లిఫ్టులో అద్దంతో అంటాను.

బాపట్లలో పెళ్ళిచూపుల రోజు, మాట్లాడుకోండి అని పెద్దవాళ్ళు మమ్మల్ని డాబా మీదికి పంపారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నాకో పిచ్చి ఉంది. ముందే చెప్పాలి.”

తాగుడేమో అనుకున్నాను.

“టోపీలు,” అన్నాడు.

ఎర్రకోట వెనక ఆదివారం బజారులో, ఢిల్లీకి వచ్చాక మొదటి జీతంతో కొన్న టోపీ గురించి చెప్పాడు. నలభైల నాటిదన్నాడు. ఎవడో దొర ఓడ ఎక్కే హడావుడిలో వదిలేసి ఉంటాడన్నాడు. చెబుతూ చెబుతూ రెండు చేతులతో గాలిలో దాని అంచు గీశాడు — వెడల్పుగా, ముందుకి కొద్దిగా వంచి. నాకు ఆ టోపీ గాలిలో కనిపించింది.

నేను ఒప్పుకున్నది ఆ చేతుల్ని. గాలిలో లేని టోపీని నాకు చూపించిన చేతుల్ని.

ఆ టోపీయే ఇప్పుడు నా చేతిలో ఉంది.

పెళ్ళయ్యాక ఆయన నాకు టోపీ చదవడం నేర్పాడు. కళ్ళతో కాదు, ముందు వేలితో చదవాలన్నాడు. గొర్రె ఉన్ని అయితే వేలికి గరుకు తగులుతుంది. కుందేలు బొచ్చయితే వేలు జారిపోతుంది... జారిపోతూనే ఉంటుంది. రిబ్బను ముడి ఎడమవైపు ఉంటే మగవాళ్ళది, కుడివైపు ఉంటే ఆడవాళ్ళది. అంచు కొలిస్తే కాలం కొంత తెలుస్తుంది. లోపల నుదుటికి ఆనుకునే తోలు పట్టీని వెనక్కి మడిస్తే ఇంకొంత తెలుస్తుంది. టోపీ ఏం దాచుకున్నా ఆ తోలు పట్టీ కిందే దాచుకుంటుందట.

“కానీ దారం తెంపకూడదు. దారం కూడా టోపీయే,” అన్నాడు.

ఆదివారాలు ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని టోపీల లోపలికి తొంగి చూసేవాళ్ళం. ఆయన చెప్పేవాడు. నేను తలూపేదాన్ని. ఒక్కసారి... ఒక్కసారైనా ఏదో ఒక టోపీ వయసు నేనే చెప్పాలని ఉండేది. ఆయన తలూపాలని ఉండేది.

ఇవాళ శనివారం. నోయిడాలో ఆఫీసు పని ఉందని పొద్దున్నే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, “మైథిలీ, పెద్దాయనకి కాస్త ఆవిరి పట్టించు,” అన్నాడు. ఆ టోపీకి ఇంట్లో పేరది. పెద్దాయన.

ఆవిరి పట్టించాను. బ్రష్ చేశాను. తోలు పట్టీని వెనక్కి మడిచాను.

వెచ్చటి ఆవిరికి తోలు మెత్తబడిందేమో, ఎప్పుడూ రానంత దూరం వెనక్కి వచ్చింది. అడుగున ఏదో పసుపు అంచు...

కాగితం.

నాలుగు మడతలుగా నలిగిపోయిన షాపు చీటీ. ఒకవైపు పట్టీకి అంటుకుని ఉంది. పై వరస చెమటకి చెరిగిపోయింది. పేరు లేదు. కింది వరస మిగిలింది.

కనాట్ ప్లేస్, న్యూఢిల్లీ – 110001.

చూశాను. మళ్ళీ చూశాను.

ఎగిరి గంతేశాను!

మా నాన్న తపాలా శాఖలో పనిచేశారు. దేశంలో పిన్ కోడ్ మొదలైన ఏడే ఆయనకి ఉద్యోగం వచ్చింది. పంద్రాగస్టు వస్తే అందరిళ్ళలో జెండా పండగ. మా ఇంట్లో జెండాతో పాటు పిన్ కోడ్ పుట్టినరోజు కూడా. డెబ్భై రెండు, ఆగస్టు పదిహేను. అంతకుముందు న్యూఢిల్లీ ఒకటి, అంతే. ఒకటి ముందు ఆ సున్నాలూ లేవు, ఆ ఒకట్లూ లేవు. నాన్న పాయసం తాగుతూ ఏటా చెప్పేవారు. మేం ఏటా నవ్వేవాళ్ళం.

నాన్నా... పనికొచ్చింది!

ఒక టోపీ వయసు నేను కనిపెట్టాను. ఎవరూ చెప్పకుండా. నా అంతట నేనే.

ఫోన్ తీశాను. మా ఆయన పేరు నొక్కబోయాను.

వేలు ఆగిపోయింది.

నలభైల నాటి టోపీ కాదిది.

డాబా మీద గాలిలో గీసిన టోపీ కాదిది. దొర లేడు. ఓడ లేదు. ఆర్కుట్‌లో టోపీల గుంపుకి ఫోటో పెట్టి ‘మా పెద్దాయన, నలభైలు’ అని ఆయన రాసుకున్న మాట కాదిది. రేపు రామమూర్తిగారి ముందు, జీవితమంతా టోపీలు చూసిన మనిషి ముందు, ఆయన చెప్పబోయే కథ కాదిది.

నా సంతోషం ఆయన నష్టమైంది. ఒకే కాగితం. అటు చూస్తే నీలం, ఇటు చూస్తే బూడిద.

ఫోన్ బల్ల మీద పెట్టాను. కడిగిన గ్లాసులు మళ్ళీ కడిగాను. బాల్కనీలోకి వెళ్ళాను. పావురాలు రెయిలింగ్ మీద దిగి, మనసు మార్చుకుని లేచి, మళ్ళీ దిగి... వాటికీ కుదురు లేదు. పడమర పసుపు ఇప్పుడు ఇటుక రంగుకి తిరిగింది. ఎక్కడో దూరంగా తలుపు కొట్టుకున్న చప్పుడు.

చెప్పాలి. చెప్పకూడదు. చెప్పాలి.

బెల్ మోగింది. ఎదురింటి హనుమాయమ్మగారు. నరసరావుపేట నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చేతిలో గిన్నె.

“ఏమ్మాయ్, తోడుకి కాసింత పెరుగుందా? మా కోడలు డబ్బా పెరుగు తెచ్చింది. దాంతో పాలు తోడుకోవే అంటే ఇంటదా!”

లోపలికొచ్చి బల్ల మీద టోపీని చూశారు.

“ఇంకా ఈటినే కొంటన్నాడా మీ ఆయన? కొత్త పెళ్ళాన్ని తెచ్చుకున్నోడు చీరలు కొనాలి గానీ! ఎవడో మీ ఆయనకి బాగానే టోపీ పెట్టాడే.”

నేను నవ్వాను. అవసరమైన దానికన్నా ఎక్కువే నవ్వాను. గిన్నెలో పెరుగు వేశాను.

“పిన్నిగారూ... మొగుడు ఒక మాట తప్పు చెబుతుంటే సరిదిద్దాలా? ఊరుకోవాలా?”

“ఏం మాట?”

“ఊరికే. ఏదో ఒక మాట.”

ఆవిడ గిన్నె మీద మూత పెట్టి నా మొహంలోకి చూశారు.

“మీ బాబాయిగారికి ఉప్మాలో అల్లం పడదు. పెళ్ళయినకాడ్నించీ ఏస్తానే ఉన్నా. మెత్తగా దంచి ఏస్తా. అల్లం లేకపోతే ఎంత హాయిగా ఉందే అని తింటారు.”

“ఎప్పుడూ చెప్పలేదా?”

“చెప్తే ఏవొస్తది? ఉప్మా పోద్ది.”

ఆవిడ వెళ్ళిపోయారు. ఉప్మా పోద్ది... ఆ మాట మాత్రం గదిలోనే ఉండిపోయింది.

టోపీ దగ్గరికి వచ్చాను. చిన్న కాగితం. గోటితో గీరితే ఊడిపోయేంత కాగితం. ఊడదీసి సింకులో వేసి నీళ్ళు వదిలితే, పెద్దాయన మళ్ళీ నలభైల వాడైపోతాడు. రేపు టీ, బిస్కెట్లు, కథ. ఆయన చేతులు గాలిలో అంచు గీస్తాయి. అందరూ తలూపుతారు. నేనూ తలూపుతాను.

గోరు పెట్టాను.

కాగితం మూల లేచింది... పొడి ఆకులా, ఎగిరిపోవడానికి సిద్ధంగా.

వల్ల కాలేదు. మంచితనం వల్ల కాదు. అది నేను కనిపెట్టింది! నా మొదటిది. దాన్ని నేనే సింకులో ఎలా పోస్తాను? ఒళ్ళంతా ఆ మాటతో నిండిపోయి, మూత పెట్టిన గిన్నెలో పాలలా పొంగుతుంటే... ఎన్నేళ్ళు నోరు మూసుకోను? అల్లంలా ఎంత మెత్తగా దంచను?

అప్పుడొచ్చింది గాలి.

ఒక్కసారిగా. ఊళ్ళోని మట్టంతా లేచి నిలబడినట్టు. కిటికీలు కొట్టుకున్నాయి. కింద పార్కు కనిపించలేదు. ఎదురు టవరు కనిపించలేదు. కరెంటు పోయింది. పావురాలన్నీ ఏమయ్యాయో. నేను తలుపులు వేస్తూ, టోపీని గుండెకి హత్తుకుని గదులన్నీ తిరిగాను. ముందు దాన్నే ఎందుకు పట్టుకున్నానో తెలియదు.

ఆ దుమ్ములోంచే వచ్చాడు మా ఆయన. జుట్టు పసుపు. కనుబొమలు పసుపు. పళ్ళు మాత్రం తెల్లగా నవ్వుతున్నాయి.

“ఏం ఆంధీ రా బాబూ! ఆటోవాడు సగంలో దింపేశాడు. పెద్దాయన తయారా?”

మొహం కూడా కడుక్కోకుండా రేపు ఏమేం చెప్పాలో మొదలుపెట్టాడు. ముందు అంచు చూపిస్తాడట. తర్వాత కుందేలు బొచ్చు. తర్వాత దొర...

“ఒకటి కనిపెట్టాను,” అన్నాను.

నా గొంతులో గర్వం ఉంది. దాచాలనుకున్నాను. దాగలేదు.

తోలు పట్టీ మడిచి చూపించాను. బాల్కనీ తలుపు దగ్గరి మట్టి వెలుతురులో ఆయన వంగి చదివాడు. చాలాసేపు.

“ఏంటిది?”

“పిన్ కోడ్. డెబ్భై రెండుకి ముందు దేశంలో పిన్ కోడే లేదండీ. మా నాన్న—”

“తెలుసు. మీ నాన్న పాయసం.” నవ్వలేదు. “కాగితం అప్పటిది. టోపీ అప్పటిదని ఎవరన్నారు? ఎవడో తర్వాత శుభ్రం చేయించుకుంటాడు. షాపువాడు పాత పట్టీ తీసేసి కొత్తది కుట్టి తన చీటీ అంటించుకుంటాడు. అంచు చూడు. ఇంత వెడల్పు అంచు డెబ్భైల్లో ఎవడు పెట్టుకున్నాడు?”

“డెబ్భైల్లో అన్నీ వెడల్పే! కాలర్లు, టైలు... మా నాన్న పెళ్ళి ఫోటోలో ప్యాంటు చూశారా? ఒక్కో కాలిలో ఇద్దరు పడతారు. టోపీ ఒక్కటే ఇరుగ్గా ఉంటుందా? నువ్వు ఊరికే—”

నువ్వు.

ఇద్దరం ఆగిపోయాం.

పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా అనలేదు. అత్తగారి ముందూ అనలేదు, ఇద్దరమే ఉన్నప్పుడూ అనలేదు. అదెక్కడి నుంచి వచ్చిందో... దుమ్ముతో పాటు వచ్చింది.

ఆయన టోపీని బల్ల మీద పెట్టాడు. తలుపు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఆ దుమ్ములో వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

నేను గోడకి ఆనుకున్నాను. పోయింది అనుకున్నాను. టోపీ కాదు. డాబా. గాలిలో గీసిన చేతులు. తెలియని పెళ్ళాన్ని చూసి మురిసిపోయే మనిషి, తెలిసిన పెళ్ళాన్ని చూసి కూడా మురుస్తాడా? మొన్నటిదాకా తలూపాను కదా, హాయిగా ఉంది కదా... ఎందుకు అన్నాను? అయినా ఎందుకు అనకూడదు? గాలి తలుపుని తోసింది. నేను మూయలేదు.

ఆయన వచ్చాడు. చొక్కా అంతా మట్టి. వంటింట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. సొరుగు లాగిన చప్పుడు. మళ్ళీ మూసిన చప్పుడు. తిరిగి వచ్చేసరికి చేతిలో భూతద్దం ఉంది. ఇంకో చేతిలో నా కుట్టుపెట్టెలోని చిన్న కత్తెర.

“పట్టీ మార్చి ఉంటే ఫెల్ట్‌లో పాత సూది బెజ్జాలు ఉంటాయి,” అన్నాడు. “రెండు వరసలు. మార్చకపోతే ఒకటే వరస.”

“కుట్టు విప్పితే గానీ కనిపించవు కదా.”

“అవును.”

“దారం కూడా టోపీయే అన్నారు కదా.”

“అన్నాను.”

కత్తెర నా వైపు చాపాడు. పిడి నా వైపు. మొన ఆయన వైపు.

“నేనైతే రెండు వరసలే చూస్తాను,” అన్నాడు. “లేకపోయినా చూస్తాను. నువ్వు చూడు.”

బాల్కనీ గడప దగ్గర కూర్చున్నాం. టోపీ ఆయన ఒళ్ళో, నోరు పైకి తెరుచుకుని. ఆయన వేళ్ళు దాని అంచు పట్టుకున్నాయి. నేను కత్తెర మొనని తోలు అంచు కిందికి దూర్చాను.

ఒక్క కుట్టు తెంపాను.

చిన్న చప్పుడు. చీమ నవ్వినంత.

తోలు బియ్యపు గింజంత పైకి లేచింది. కింద చీకటి. భూతద్దం పెట్టాను.

“ఒకటా, రెండా?”

“ఒకటే...” అన్నాను. “కాదు. ఒకటే, కానీ వెడల్పుగా ఉంది. రెండు సూదులు దిగినట్టు... ఆగండి.”

“ఆగు అను.”

తలెత్తాను. ఆయన నా వైపు చూడడం లేదు. టోపీ లోపలికే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“ఆగు,” అన్నాను. “ఇంకొకటి తెంపాలి.”

“రేపు రామమూర్తిగారు వచ్చేసరికి పట్టీ ఊడి వేలాడుతూ ఉంటుంది. ఏ కాలం నాటిదయ్యా అంటే ఏం చెబుదాం?”

“ఇంకా చూస్తున్నాం అని చెబుదాం.”

ఆయన నవ్వాడో లేదో చెప్పలేను. ఏదో శబ్దం చేశాడు. టోపీని వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాడు. గాలి తగ్గింది. మట్టి ఇంకా గాలిలో వేలాడుతోంది, కిందికి రావాలా వద్దా అన్నట్టు.

రెండో కుట్టు. మూడోది.

టప్... రెయిలింగ్ మీద ఒక చినుకు. ఇంకొకటి గడప దాటి వచ్చి టోపీ అంచు మీద పడింది. నల్లటి చుక్కలా నిలిచి, నెమ్మదిగా ఇంకింది.

కెటిల్ ఎప్పుడో చల్లారింది. అయినా వాసన. తడి మట్టి, తడి తోలు, ఎక్కడో ముడుచుకుని ఒళ్ళు దులుపుకుంటున్నదేదో...

“కనిపించిందా?” అన్నాడు మా ఆయన.

“ఉండు,” అన్నాను. “చూస్తున్నాను.”