హన్నమ్మ పెట్టిన ప్రార్థన

ఉదయగిరిలో చెక్క గరిటెలను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దే హన్నమ్మకి కడుపులో మాట దాచుకోవడం చేతకాదు. పక్కింటి పిల్లి ఈనినా చర్చి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రార్థన పెట్టేస్తుంది. అలాంటి తల్లి దగ్గరికి శనివారం మధ్యాహ్నం పదో తరగతి చదివే కూతురు రూబీ వచ్చి కూర్చుని, రుద్దిన గరిటెనే మళ్ళీ రుద్దుతూ సంగతంతా చెప్పింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆడపిల్ల పేరుతో ఎవరో రెండు నెలలుగా స్నేహం చేశారు. రూబీ ఇంట్లో నైటీతో డాన్సు చేస్తూ దిగిన ఫొటో ఒకటి పంపింది. తీరా చూస్తే అవతల ఉన్నది మగవాడు. ఇప్పుడు వేరే రకం ఫొటోలు పంపమంటున్నాడు, లేకపోతే ఉన్నదాన్ని బడంతా పంచుతానంటున్నాడు.

హన్నమ్మ తిట్టలేదు, కొట్టలేదు, ఫోను లాక్కోలేదు. బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని, "నాకు చెప్పినావు గదా, ఇంక నీకేం భయం లేదు" అంది. అంతవరకు బంగారంలాంటి పనే.

ఆదివారం లేవగానే అలవాటు కొద్దీ గ్రూపులో పెట్టేసింది. మా రూబీని ఎవడో ఫొటోతో బెదిరిస్తా ఉండాడు, అందరూ ప్రార్థన చెయ్యండి అని, ఏడుపుతో సహా నిమిషన్నర వాయిస్ మెసేజీ. చర్చికి పోయేసరికి నూట ఎనభై మంది వినేశారు. పక్క వీధి నాగులమ్మయితే రూబీ గడ్డం పట్టుకుని, అది ఏం ఫొటో అని కూడా అడిగింది.

అంతే, రూబీ నోరు మూతపడింది. అన్నం ముట్టలేదు. ఫోను మోగినప్పుడల్లా చూసి బోర్లా పెడుతోంది. వాడు మళ్ళీ ఏదో పంపాడని హన్నమ్మకి తెలుస్తూనే ఉంది. అడిగితే మాత్రం ఏం లేదంటుంది.

హన్నమ్మ తమ్ముడు యేసుబాబు ఆత్మకూరులో ఆటో తోలుతాడు. ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే అతనికి పూట గడవదు. అక్క ఫోను చేస్తే సోమవారం పొద్దున్నే బస్సు దిగి, అంతా విన్నాడు.

"ప్రభువుకి చెవులుండాయి గదక్కా. ఆయన్ని కూడా గ్రూపులో చేర్చినావా ఏంది?"

హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను నవ్వు ఆపి దగ్గరికి జరిగాడు. పోయినేడు తనూ ఎవరిదో వీడియో నలుగురికి పంపి, ఆత్మకూరు స్టేషన్ బెంచీ మీద రోజంతా కూర్చున్నవాడే. నవ్వులాటకి పంపినాను సార్ అంటే ఎస్సై నవ్వలేదు. ఆ రోజు విన్నవన్నీ అక్కకి చెప్పాడు. వాడి మెసేజీలు చెరపకూడదు. వాడికి ఇంకేమీ పంపకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లని అలా అడగడమే నేరం, తప్పు పాపది కాదు. మంచికైనా సరే ఆ ఫొటో ఎవరి ఫోనుకీ పోకూడదు.

"మిగతాది స్టేషనోళ్ళు చూసుకుంటారు. పాప ఫోను ఇస్తే గదా! పోయి మాట్లాడుకో. నన్ను గదిలోకి రమ్మనబాక" అని గరిటె, ఉప్పుకాగితం తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

హన్నమ్మ గది గుమ్మంలోనే ఆగింది.

"నువ్వు నాకు చెప్పిన మాట ఊరందరికీ చెప్పినాను. నిన్ను అడగలేదు. తప్పు నాదే రూబీ."

గ్రూపులో పెట్టింది చెరిపేశానని చెప్పింది. ఇంకొకటి పెట్టాలని ఉంది, నువ్వు ఒప్పుకుంటేనే అంది. పెట్టబోయేది నోటితో చెప్పి వినిపించింది: ఆ ఫొటో సంగతి నా బిడ్డని ఎవరూ అడగబాకండి.

"పెట్టమంటావా?"

రూబీ గోడవైపు తిరిగే అంది, "ఫొటో అనే మాట వద్దు మా."

హన్నమ్మ ఆ మాట తీసేసి మళ్ళీ చెప్పింది. రూబీ తలూపాక పంపింది. అప్పుడు ఆ పిల్ల తన ఫోను తిప్పి తల్లి ఒళ్ళో పెట్టింది. వాడి మెసేజీలు కొత్తవి పదకొండు ఉన్నాయి.

పదిన్నర బస్సుకి ముగ్గురూ, యేసుబాబుకి తెలిసిన ఎస్సై ఉన్న ఆత్మకూరు స్టేషనుకే బయలుదేరారు. ఖర్మకొద్దీ వెనక సీట్లో నాగులమ్మ. బస్సు ఊరు దాటకముందే ముందుకి వంగి, అందరూ కలిసి ఎక్కడికని అడిగింది. యేసుబాబు అక్క వంక భయంగా చూశాడు. హన్నమ్మ నోరు తెరిచింది, కూతురి మొహం చూసింది.

"ఆత్మకూరులో పనుండాది పెద్దమ్మా."

అంతే అని కిటికీ వైపు తిరిగింది. అన్ని మాటలు మింగడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. రూబీ తల్లి భుజానికి ఆనుకుని చెవిలో అంది.

"ఆత్మకూరు దాకా ఓర్చుకో మా, స్టేషన్లో అంతా చెప్పుకుందువు."