అరవై ఇడ్లీల బాకీ

నేను ఒక ప్రామిసరీ నోటును. రేపల్లెలో వీరరాఘవయ్య కాఫీ హోటల్లో, సాంబారు మరకల బల్ల మీద పుట్టాను.

ఆ పొద్దున వీరరాఘవయ్య తోడల్లుడు సుందరరామయ్య ముప్ఫై ఇడ్లీలు తిని కూడా చెయ్యి కడుక్కోలేదు. "అరవై తిను అన్నయ్యా, యాభై వేలిస్తా!" అని నవ్వాడు వీరరాఘవయ్య. అన్నయ్య తినేశాడు. చివరి ఇడ్లీకి ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. చేతిలో డబ్బు లేక వీరరాఘవయ్య నాకు రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేశాడు. "నా అవసరాల నిమిత్తం రొక్కం పుచ్చుకున్నాను" అని నా మీద రాశారు. నా మొదటి మాటే అబద్ధం.

రెండేళ్లకు హోటలు మునిగింది. వీరరాఘవయ్య దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టాడు. ఉన్నది అమ్మి అప్పులవాళ్లకు వంతుల ప్రకారం పంచాలి. సుందరరామయ్య కూడా వంతు కోసం నన్ను బీరువాలోంచి తీసి కోర్టులో దాఖలు చేశాడు.

హోటలుకు పాలు పోసిన ఆదెమ్మకు నలభై వేలు రావాలి. నేను లెక్కలోకి ఎక్కితే ఆమె వంతు తరుగుతుంది. అప్పటికే తవుడు కొట్టులో బాకీపడి గేదెను బేరానికి పెట్టింది. లాయరును పెట్టుకునే స్తోమత లేక తానే లేచి, "అది అప్పు కాదు బాబయ్యా, పందెం!" అంది.

జడ్జిగారు వీరరాఘవయ్యను అడిగారు.

"రొక్కమే పుచ్చుకున్నానండి" అన్నాడతను తల వంచుకుని. తోడల్లుడి చేతిలో ఓడిపోయానని నలుగురిలో ఒప్పుకోవడం కన్నా, లేని అప్పు నెత్తినేసుకోవడమే అతనికి గౌరవంగా తోచింది.

"మీరేమైనా అడుగుతారా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

ఆదెమ్మ సుందరరామయ్యను ఎగాదిగా చూసింది.

"పోనీలే అయ్యా, అది పందెం కాదులే. పందెమే అయితే నువ్వెట్టా గెలుస్తావు? నేనాడనే ఉండా గదా. ముప్ఫై దాటంగానే 'ఇంక నా వల్ల కాదు' అని ఆకు ముందు నుంచి లేచావు."

సుందరరామయ్య మొహం కందగడ్డ అయింది. అతని లాయరు వెనకనుంచి చొక్కా లాగుతూనే ఉన్నాడు.

"ఎవరు లేచింది? అరవై తిన్నా! చట్నీ కూడా మిగల్చలా!"

"అంటే పందెం గెలిచారన్నమాట" అన్నారు జడ్జిగారు.

"గెలిచానండీ!"

లాయరు చొక్కా వదిలేసి కూర్చున్నాడు.

పందెం డబ్బు చట్టం దృష్టిలో అప్పు కాదు కనుక నాకు వంతు లేదని తీర్పు వచ్చింది. నా మీద "తిరస్కరించడమైనది" అని ముద్ర గుద్దారు. రెండేళ్లు మోసిన అబద్ధం దిగిపోయి ప్రాణం తేలికపడింది. ఆదెమ్మకు రూపాయికి నలభై పైసల చొప్పున పదహారు వేలు ముట్టాయి. గేదె బేరం మానుకుంది.

నన్ను రికార్డు గదికి పంపే ముందు, నకళ్లిచ్చే గుమాస్తా బల్ల మీద ఓ పూట ఉన్నాను. అప్పుడే సుందరరామయ్య వచ్చి తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టాడు.

"ఓడిపోయిన తీర్పు మీకెందుకండీ? అప్పీలుకా?" అన్నాడు గుమాస్తా.

"అప్పీలెందుకు? పటం కట్టించుకోడానికి. మూడో పేజీ చూడండి. నేను అరవై తిన్నట్టు జడ్జిగారే రాశారు."