వాగు గారి అభ్యంతరం

ఆ శివారు పట్టణంలోని ప్లానింగ్ ఆఫీసుకి సోమవారం అభ్యంతరాల రోజు. తొమ్మిదిన్నరకల్లా వరండా బెంచీలు నిండిపోయేవి. మా గోడ పక్కన పైపు వెయ్యొద్దని ఒకరు, మా వీధికే ముందు వెయ్యాలని ఇంకొకరు. గుమాస్తా రిజిస్టరులో పేర్లు రాసుకుని టోకెన్లు ఇచ్చేవాడు. చివరి బెంచీ మీద, కిటికీ పక్కన, వాగు కూర్చునేది.

పదేళ్ల కిందట దాన్ని మట్టి పోసి పూడ్చి, పైన చదును చేశారు. అప్పట్నుంచి సోమవారం తప్పకుండా వచ్చేది. కింద నేల తడుస్తుందని ఆయమ్మ ముందే గోనెపట్టా పరిచేది. టోకెను నానిపోకుండా గుమాస్తా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చేవాడు. పిలుపు మాత్రం ఏనాడూ రాలేదు. గట్టిగా ఒక మాటనడం దానికి చేతకాదు. అయిదింటికి లేచి దాని దారిన అది పోయేది.

లోపలి గదిలో గీతల మేడం ఉండేది. నక్షాలు గీసే ఉద్యోగం కాబట్టి ఆ పేరు. ఊరు ఏడాదికి రెండు వీధులు పెరుగుతోంది, ఏది ముందు కట్టాలో ఏది తర్వాతో తేల్చి పైవాళ్లకి పంపాలి. ఆఫీసరు గారి జాబితాలో మొదటిది వెడల్పు రోడ్డు. తర్వాత మంచినీళ్ల పైపులు, బస్సు డిపో, బడి, ఇలా దిగుతూ దిగుతూ పన్నెండోది వాననీళ్లు పోయే దారి. రోడ్డుకి ఎర్ర గీత. అది నాలుగో వీధిని కోసుకుంటూ వెళ్లి, అవతల 'ఖాళీ స్థలం' అని రాసిన చోటు మీదుగా పోతుంది. నాలుగో వీధిలో అది కోసేది ఒక్క ఇంటినే. ఆ ఇల్లు గీతల మేడం అక్కది.

అక్క ముందు గదిలో పద్దెనిమిది మంది పసివాళ్లని చూసుకునేది. తల్లులు పొద్దున్నే దింపేసి పనుల్లోకి పోయేవాళ్లు. నక్షా బయటపెట్టిన రోజున అక్క గోడ మీద దాన్ని చూసి, నేరుగా చెల్లెలి టేబులు దగ్గరికి వచ్చింది.

"నా వంటగది మీద గీత గీస్తుంటే నీకు చెయ్యి వణకలేదటే?"

"వణికింది. వంకరగా వచ్చిందని మళ్లీ గీయించారు."

ఆ తర్వాత నెల రోజులు అక్క మాట్లాడలేదు.

ఆ నక్షా మీద అభ్యంతరాలకి ఆఖరి సోమవారం వచ్చింది. పొద్దున అక్క అర్జీని ఆఫీసరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఒక్క ఇంటి కోసం రోడ్డు తిరగదన్నాడు. అక్క బయటికొచ్చి, ఇంటికి వెళ్లకుండా, చివరి బెంచీలో కూలబడింది. వాగు కొంచెం జరిగి చోటిచ్చింది.

అక్కని అలా చూసి గీతల మేడం గుమాస్తా టేబులు దగ్గరికి వెళ్లింది. ఆ ఎర్ర గీత మీద ఇంకెవరైనా అభ్యంతరం పెట్టారేమోనని రిజిస్టరు తెరిచింది. ప్రతి సోమవారం పేర్ల వరసలో ఆఖరున 'వాగు' అని ఉంది. ప్రతిసారీ దాన్ని కొట్టేసి, పక్కన ఆఫీసరు రాశాడు: 'ఇటువంటి వెటకారపు రాతలు తగవు.'

సంగతి అర్థం కావడానికి ఆమెకి ఒక్క క్షణం పట్టింది. ఆయన వెనక తలుపు నుంచి వచ్చి వెనక తలుపు నుంచే పోయే మనిషి. వరండా మొహం చూసింది లేదు. పాపం, అర్జీలతో వచ్చిన జనాన్ని గుమాస్తా 'వాగు, వాగు' అని వెక్కిరిస్తున్నాడనుకున్నాడు.

"సార్ నాకు రెండు మెమోలిచ్చింది ఇందుకా?" అన్నాడు గుమాస్తా తెల్లబోయి. "నేను పేరే కదా మేడం రాసింది."

గీతల మేడం పెన్ను తీసి, ఆ రోజు పేరు పక్కన రెండక్షరాలు చేర్చింది.

మూడింటికి బంట్రోతు తలుపులో నిలబడి పిలిచాడు. "వాగు గారు!"

వాగు మెల్లగా లేచి, తనని తాను కూడదీసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లింది. వెనకే గీతల మేడం, గుమాస్తా వెళ్లారు. ఆఫీసరు కుర్చీ చూపించి, ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడిగాడు. పిలవలేదు కదా సార్ అన్నాడు గుమాస్తా. అయితే ఇప్పుడు అభ్యంతరమేమిటో చెప్పమన్నాడు ఆఫీసరు.

వాగు టేబులు కాలు పట్టుకుని పైకెక్కి నక్షా మీదికి నడిచింది. టీ గ్లాసుని తప్పించుకుంది. ఒక్క ఇంటిని కూడా తాకకుండా, నాలుగో వీధి వెనకనుంచి వంపు తిరిగి, 'ఖాళీ స్థలం' అన్న అక్షరాల మధ్యనుంచి సాగి, అవతలి అంచున కిందికి దిగిపోయింది. అది నడిచినంత మేరా నీలం గీత మిగిలింది. ఆఫీసరు రబ్బరు పెట్టి రుద్ది చూశాడు. పోలేదు.

ఆయన చెడ్డవాడేం కాదు. నక్షాని దగ్గరికి లాక్కుని ఆ నీలం గీత వెంట వేలు జరిపాడు. వానలకి అక్కడ మోకాలి లోతు నీళ్లెందుకు నిలుస్తున్నాయో ఇన్నాళ్లకి తెలిసిందన్నాడు. జాబితాలో పన్నెండోదాన్ని కొట్టేసి ఒకటో వరసలో రాశాడు. పూడ్చిన మట్టి తియ్యాలి, ముందు వాగుకి దారివ్వాలి.

"రోడ్డు వాగు మీద పడకుండా పాత గిడ్డంగుల వైపు తిప్పండి మేడం," అన్నాడు. "అటు పోయేవి ప్రహరీ గోడలే. ఇళ్లు లేవు."

గీతల మేడం తల ఊపింది. నక్షా చుట్టుకుని తన గదికి వచ్చి, టేబులు మీద పరిచి, రబ్బరు తీసి, అక్క వంటగది దగ్గర మొదలుపెట్టింది.

కాసేపటికి తలుపు దగ్గర అలికిడైంది. అక్క నిలబడి ఉంది. గుమాస్తా చెప్పేసినట్టున్నాడు. ఆమె దగ్గరికొచ్చి, చెల్లెలి చేతిని చూస్తూ అడిగింది.

"ఇప్పుడు కూడా వణుకుతోందేంటే?"

"వణకనీలే అక్కా. చెరిపేటప్పుడు వంకరైనా ఎవరూ మళ్లీ చెయ్యమనరు."