సేనాని చిటికెన వేలు

పచ్చ చేతుల సేనాని కప్పు పట్టుకున్నా, కత్తి పట్టుకున్నా చిటికెన వేలు మాత్రం నిటారుగా నిలబడేది. ఆ గ్రహాంతర సీరియల్ చూసేవాళ్లకి అదో పెద్ద వింత. రాజవంశపు గుర్తని కొందరు, రహస్య ఆయుధమని ఇంకొందరు తెగ వాదించుకునేవారు.

అసలు సంగతి స్టూడియోలో కుట్టుపని చేసే ఆవిడకే తెలుసు. ఆ చేతులు ఆవిడవే మరి. నటుడు ఎంతకీ కొలతలకి రాకపోతే, రబ్బరు గ్లౌజులు తన చేతి కొలతకే చేసేసింది. అవి ఆయన వేళ్లకే ఎక్కలేదు. షూటింగ్ ఆగకూడదని దర్శకుడు ఆవిడనే బల్ల వెనక కూర్చోబెట్టి, చేతులు దగ్గరగా కనబడే షాట్లన్నీ చేయించాడు. తిట్లు తినాల్సిన మనిషికి రెండో ఉద్యోగం దొరికింది, ‘చేతులమ్మ’ అనే పేరూ స్థిరపడింది. ఇక ఆ వేలంటారా, అది అంతకు చాలా ముందే, అత్తగారు చూసుకోకుండా మూసిన బీరువా తలుపులో నలిగి వంగడం మానేసింది.

ఇప్పుడు ఆ సీరియల్‌కి ఓ పిల్ల సీరియల్ పుడుతోంది. కథంతా సేనాని చెల్లెలిదే. ఆ చెల్లెలికీ వేలు లేచే ఉండాలట. చేతులమ్మని రమ్మని కబురు పెట్టారు. తీరా చూస్తే ఆవిడ వేలికి నిరుడే ఆపరేషనైంది. వేలు సుబ్బరంగా వంగుతోంది.

మొదటి పరీక్షలో ఆవిడ వేలు బిగబట్టి కప్పు ఎత్తింది. కొత్త దర్శకుడు పెదవి విరిచాడు.

“సేనానిలా లేదమ్మా. బళ్లో పిల్లలు ఒంటేలుకి అడిగినట్టుంది. రేపు ఇంకోసారి చూద్దాం. కుదరకపోతే వేరేవాళ్లని పెట్టుకోవాలి.”

ఇంటికొచ్చి పాత భాగాలు పెట్టుకు కూర్చుంది. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని పక్కన చేరారు.

“వేలు అప్పుడూ లేచింది, ఇప్పుడూ లేస్తోంది. మరి తేడా ఏంటత్తయ్యా?”

“ఆపు, ఆపు. కాస్త వెనక్కి తిప్పు.” అత్తగారు లేచి టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లారు. “ఇదిగో. చెయ్యి కప్పు దాకా రానేలేదు, వేలు అప్పుడే పక్కకి తప్పుకుంది. ఎక్కడ తగిలి సలుపుతుందోనని. ఎత్తడం కాదే ఇది, తప్పించడం.”

“నిజమే! నాకే తెలీదు.”

“నీకెందుకు తెలుస్తుంది? గిన్నె దించినా, పిల్లకి జడేసినా అంతే చేసేదానివి. చూడలేక చూసేదాన్ని నేను కదా.”

కోడలు లేచింది. టీవీ కట్టేసి, వంటింట్లోంచి కప్పు తెచ్చుకుంది. అత్తగారు ఎదురుగా కూర్చుని, “ఊహూఁ, మళ్లీ” అంటూ పొద్దుగూకేదాకా చేయించారు.

మర్నాడు సెట్ చూడాలని అత్తగారూ బయల్దేరారు. బల్ల వెనక కూర్చున్న చేతులమ్మ కప్పుని చూడలేదు. బీరువా తలుపుని తలుచుకుంది. చెయ్యి ముందుకు జరిగింది. వేలు దానంతటదే పక్కకి తొలిగి, మెల్లిగా లేచింది.

“అదీ!” దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. “ఇక ఈ చేతులు మీవేనమ్మా. అది సరేగానీ, అసలు ఆ వేలు అలా ఎందుకుంటుంది? మా రచయితలు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు.”

మూల బెంచీ మీద అత్తగారు చటుక్కున తల దించుకుని చీరకుచ్చిళ్లు సర్దుకోసాగారు.

“రాజవంశపు గుర్తేనండీ,” అంది చేతులమ్మ. “మాకు అత్తగారి తరఫు నుంచి వచ్చింది.”